అక్క వంతు పాట

మా అక్కకి మాట పడిపోయిందని వసంత ఫోను చేసినప్పుడు నేను పెరంబూరులో మా వంటింట్లో చారుకి చింతపండు పిసుకుతున్నాను. వసంత అక్క కూతురు. ఏ సంగతైనా నవ్వుతూ మొదలుపెట్టడం దానికి అలవాటు. ఆరోజు నవ్వలేదు. "చిన్నమ్మా, అమ్మకి స్ట్రోకు వచ్చింది. ప్రాణానికేం భయం లేదంటా ఉండారు. మాటే రాలా. నువ్వు ఒకసారి వచ్చేయి" అంది. చింతపండు గిన్నె అలాగే వదిలేసి, చేతులైనా సరిగా కడుక్కోకుండా స్టేషనుకి పోయి అంబత్తూరు వైపు రైలెక్కాను. అది ప్రతి స్టేషనులోనూ తీరిగ్గా ఆగి పోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మాట పడిపోవడం ఎవరికి? మా అక్కకా? నోరు విప్పిందంటే ఎదుటివాళ్ళకి సందివ్వని మనిషి. ఆవిడ గొంతు వినపడితే కూరగాయల బండివాడు ఆ వీధి దాటేసి పక్క వీధిలో ఆగేవాడు. ఈ వయసులో ఏదో ఒకటి పోకతప్పదంటే కాలో, కీలో, కంటిచూపో పోనీ. మాటేమిటి? అంత పెద్ద దేవుడికి ఆ మాత్రం తెలియదా అని తిట్టుకుంటూ కూచున్నాను.

ఆసుపత్రిలో అక్క నన్ను చూడగానే గుర్తుపట్టింది. కళ్ళు అవే కళ్ళు. నోరు తెరిచింది. "ద... ద..." అని ఏదో వచ్చి, అంతటితో ఆగిపోయింది. కుడిచెయ్యి దుప్పటి మీద ఊరికే పడి ఉంది. మాట రావడం లేదని తనకి తెలుస్తోంది చూడండి, అన్నిటికంటే అది నాకు భరించరానిదైంది. చెప్పవలసిందంతా లోపల అలాగే ఉంది, బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. తలగడ సర్దాను, మళ్ళీ సర్దాను, కిటికీ తెరిచాను, మూశాను. డాక్టరు చాలా చెప్పాడు గాని నాకు అర్థమైంది ఒక్కటే, ఓపిక పట్టాలట. డెబ్బై దాటినవాళ్ళని ఓపిక పట్టమంటే ఎప్పటిదాకా పట్టమని?

అక్కని ఇంటికి తెచ్చాక, మాటలు నేర్పడానికి ఒక అమ్మాయి రావడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల, మంచిపిల్ల. బొమ్మల అట్టలు తెచ్చి ఒక్కొక్కటీ చూపిస్తుంది. గ్లాసు బొమ్మ చూసి అక్క గ్లాసనలేదు. పువ్వు బొమ్మ చూసి పువ్వనలేదు. కూతురి ఫొటో చూపిస్తే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి గాని పేరు రాలేదు. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి అరవంలో నన్నడిగింది, "ఇవంగ పాట్టు పాడువాంగళా పాట్టి?" అని. పాడుతుందా ఏమిటి, పాడకుండా ఏ పనీ చేసేది కాదు అన్నాను. అయితే అలాంటి పాట ఒకటి పక్కన కూచుని ఎత్తుకోండి అంది. మాట రానివాళ్ళకి కూడా ఒక్కోసారి పాట వస్తుందట. చిన్నప్పటి నుంచి నోటికి పట్టిపోయిన పాటైతే మరీ మంచిదట. వాళ్ళు పాడే చరణం మనం మొదలుపెడితే, తెలియకుండానే వాళ్ళు అందుకుంటారట. అందుకున్నాక ఆ పాటలో నుంచి మెల్లగా ఒక్కో మాటనీ బయటికి లాగవచ్చునట. వింటుంటే నా ప్రాణం లేచివచ్చింది.

వసంత ఆ పూటే ఫోనులో పాటలు పెట్టడం మొదలుపెట్టింది. కీర్తనలు, సుప్రభాతాలు, పాత సినిమా పాటలు, ఏవీ మిగల్చలేదు. అక్క వింటుంది, తల ఆడిస్తుంది, పెదవి మాత్రం కదలదు. ఆఖరికి వసంత నా పక్కన చతికిలబడి, "చిన్నమ్మా, మీరిద్దరూ బుట్టలల్లతా పాడేవాళ్ళు గదా, బొమ్మల కొలువులో గూడా పాడేవాళ్ళే, ఆ పాట ఎత్తుకో. అమ్మకి దానికన్నా తెలిసింది ఏముండాది?" అంది. నావల్ల కాదన్నాను. ఎందుకంటే ఆ పాటలో నాకు వచ్చింది సగమే. అక్క పాడే సగం నాకు రాదు. ఈ మాట చెబితే వసంత నమ్మలేదు. మీరూ నమ్మరు. అరవై ఏళ్ళకి పైగా కలిసి పాడిన పాట సగం రాకపోవడమేమిటని అడుగుతారు. అది అర్థం కావాలంటే మా ఇల్లు ఎలాంటిదో చెప్పాలి.

మా చిన్నతనం జార్జి టౌన్‌లో ఒక సందులో, మేడ మీద వెనక పోర్షనులో గడిచింది. మా ముత్తాతల నాడే చిత్తూరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో పడ్డవాళ్ళం. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం. కింద సందులో తోపుడు బళ్ళవాళ్ళ కేకలు, ఎదురు గొడౌన్ల నుంచి ఇంగువా మిరపకాయలూ కలిసిన ఘాటు, వానాకాలమైతే తడిసిన గోనెసంచుల వాసన. ఈ ఊరి వాన సంగతి మీకు తెలిసిందే. అక్టోబరు నడిమికి ఐప్పసి నెల వచ్చిందంటే ఎప్పుడు పట్టుకుంటుందో తెలియదు, పట్టుకుంటే వదలదు. సందులో మోకాలిలోతు నీళ్ళు నిలిచేవి. బడికి సెలవు. నాన్న పనిచేసే కాగితాల హోల్‌సేలు కొట్టుకీ సెలవే. ఆ రోజుల కోసం మేము ఎంత ఎదురుచూసేవాళ్ళమో! ఇంట్లో నలుగురం, ఒకటే పెద్ద గది, ఒకటే కుంపటి. అమ్మ పొద్దున్నే మినపపప్పు వేయించి పొడి కొట్టేది. వేడన్నంలో ఆ పొడి, నువ్వుల నూనె. తిన్నాక గది మధ్యలో చాప పడేది. ఇక సాయంత్రం దీపం పెట్టేదాకా ఆ చాపే మా లోకం.

నాన్నకి కాగితమంటే పిచ్చి. కొట్టుకి తూకానికి వచ్చే పాత పత్రికల్లో తెలుగు వారపత్రికలు కనపడితే యజమానినడిగి తెచ్చుకునేవాడు. వాటిలో సీరియళ్ళ కాగితాలు విడదీసి, వరసగా పేర్చి, లావుపాటి సూదితో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించి, వీపుకి పాతచీర పేలిక వేసి పుస్తకం చేసేవాడు. జిగురులో మైలుతుత్తం కలిపేవాడు, పురుగు పట్టకుండా. ఆ జిగురు ఉడికే వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది. ఆరబెట్టిన పుస్తకాల మీద బరువుకి మా ఇంటి రుబ్బురోలు పొత్రం పెట్టేవాడు. "ఇప్పుడు చట్నీ దేంతో రుబ్బేది, నా నెత్తితోనా?" అని అమ్మ గోల. "ఈ ఒక్క పూట ఊరగాయతో సర్దుకోవే" అని నాన్న బతిమాలేవాడు. మా ఇంట్లో చట్నీ లేని రోజంటే కొత్త పుస్తకం తయారైన రోజన్నమాట.

మాది అరవ బడి. తెలుగు అక్షరాలు మాకు నేర్పింది అమ్మే, ఆ పుస్తకాల్లోనే. కాని చదివి వినిపించడం మాత్రం అమ్మ ఎవరికీ ఇచ్చేది కాదు. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెట్టి చదివేది. ఆవిడకి ఒక చెడ్డ అలవాటు ఉండేది. కథలో ఎవరైనా చచ్చిపోతే ఒప్పుకునేది కాదు. చావుబతుకుల్లో ఉన్నవాడికి అప్పటికప్పుడు మందు దొరికేది, మునిగిపోయినవాడు ఒడ్డున తేలేవాడు, అంతా అమ్మ నోట్లోనే. మేము పెద్దయ్యాక ఆ పుస్తకాలు సొంతంగా చదివి, మాకు చుట్టాల్లాంటివాళ్ళు అంతమంది పోయారని తెలిసి గొల్లుమన్నాం. "ఏమ్మా, ఇట్టా మోసం చేస్తివే?" అని అక్క కొట్లాటకి దిగింది. "ఏం, బతికితే మీ సొమ్మేం పోయింది? వానరోజు పిల్లోళ్ళని ఏడిపించేదానికా చదివేది?" అంది అమ్మ, ఏమాత్రం సిగ్గు పడకుండా.

మధ్యాహ్నం రేడియోలో కచేరీ వచ్చేది. ఎదురు పోర్షనులో ఉండే అరవ మామి దానికోసమే మా ఇంటికి వచ్చేది, వాళ్ళింట్లో రేడియో ఉన్నా సరే. ఆవిడ సంగీతం నేర్చుకున్న మనిషి, వీణ వాయించేది. కీర్తనలన్నీ తెలుగులో ఉంటాయి, పాపం ఆవిడకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "ఇదుక్కు ఎన్న అర్థం?" అని చరణానికోసారి అడిగేది. అమ్మకి సంగీతం రాదు, అర్థం మాత్రం చెప్పేది. పాడేవాళ్ళు మాటని తప్పుడుచోట విరిచారంటే అమ్మ చెవులు మూసుకునేది. "దేవుణ్ణి పిలస్తా ఉండారా, తిడతా ఉండారా?" అనేది. ఇద్దరికిద్దరూ కళ్ళు తుడుచుకునేవాళ్ళు, ఆవిడ రాగానికి, ఈవిడ మాటకి. నేనూ అక్కా ఆ సమయానికి వైరు కట్టలు విప్పి కూచునేవాళ్ళం.

వైరు బుట్టలు అల్లని ఇల్లు ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఉండేది కాదు. రంగురంగుల ప్లాస్టిక్ వైరు, కొత్తకట్ట విప్పితే ఒక రకమైన తియ్యటి వాసన. అడుగు అల్లడం అమ్మ పని. అడుగు సరిగా లేకపోతే బుట్ట కూచోదు, మా చేతులకి ఇచ్చేది కాదు. అంచులు లేచి పక్కలు మొదలయ్యాక బుట్టని మా ఇద్దరి మధ్య పెట్టేది. నిలువు వైర్లు ఎక్కడివక్కడ నిలబడి ఉంటాయి, అడ్డంగా చుట్టూ తిరిగే వైరు ఒకటి ఉంటుంది. ఆ చుట్టు వైరు అక్క చేతికి వెళ్ళినప్పుడు తన వైపు ముడులన్నీ తను వేసి నాకు అందించేది, నా వైపువి నేను వేసి మళ్ళీ తనకి అందించేదాన్ని. పాట కూడా వైరుతో పాటే తిరిగేది. వైరు తన చేతిలో ఉన్నంతసేపు పాట తనది, నా చేతికి వచ్చినప్పుడు నాది.

ఆ పాట ఎవరు కట్టారో తెలియదు. మా అమ్మమ్మ, ఆవిడ అక్కా కలిసి పాడేవాళ్ళట, అంతకు ముందు వాళ్ళమ్మ, పెద్దమ్మ. అక్క అత్తవారింట్లో ఉన్న చెల్లెల్ని చూడటానికి వస్తుంది. అక్క అడుగుతుంది, చెల్లెలు జవాబు చెబుతుంది. ఒక్కటీ నిజం చెప్పదు. పుట్టింట్లో దిగులు పడతారని అన్నిటినీ కప్పిపుచ్చుతుంది.

నిదురలేమి గాదె అక్క, నిప్పు పొగలు తగిలెనే.
తడి గాదె ఓ యక్క, తామరాకు నీడలే.
ఏడ్చినది నే గాదె, ఏటి నీళ్ళ సవ్వడే.

ఇవి నా చరణాలు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, అన్నీ నాకు వచ్చు. చిన్నప్పుడు ఆ పిల్ల కష్టం నాకేం తెలుసు? ఎగిరి గంతేసినట్టు పాడేదాన్ని. "ఏడ్చేపాట అంత కులుకుతా పాడతావేందే?" అని అమ్మ మొట్టికాయ వేసేది.

ఇక ఆ పాటకున్న కట్టుబాటు చెప్పాలి. అక్క చరణాలు పెద్దకూతురికే నేర్పాలి, అదీ ముందు తరం పెద్దకూతురే నేర్పాలి. చెల్లెలి చరణాలు చెల్లెలి వరసలో దిగుతాయి. మా అమ్మ చిన్నకూతురు, కాబట్టి నాకు నేర్పింది. అక్కకి నేర్పడానికి అమ్మ వాళ్ళ అక్క, మా పెద్దమ్మ, పనిగట్టుకుని చిత్తూరు నుంచి వచ్చి, మామి వాళ్ళ వరండాలో కూచోబెట్టుకుని చెప్పేది. నేను తొంగిచూస్తే తరిమేది. ఒకసారి నేను ఒక్కదాన్నే ముడులేసుకుంటూ ఆడంబరంగా అక్క చరణం కూడా ఎత్తుకోబోయాను. అమ్మ వంటింట్లోంచి గరిట పట్టుకుని వచ్చింది. "ఎవురి వంతు వాళ్ళదే. ఒకత్తే రెండూ పాడితే అది పాట గాదు, తిక్కదాని వాగుడు. అడిగేదానికి ఒకరుండాల, చెప్పేదానికి ఒకరుండాల" అంది. మామి ఎంతో ఆశపడి స్వరాలు రాసుకుంటానంటే కూడా అమ్మ ఒప్పుకోలేదు. నాన్న కొట్టు యజమాని ఇంటి నుంచి టేపురికార్డరు తెచ్చినా ఒప్పుకోలేదు. మనిషి ఎదురుగా ఉండగా పెట్టెని అడగడమెందుకంది. అప్పుడు మాకందరికీ అది న్యాయంగానే తోచింది.

అలాగని చెవులు మూసుకుని కూచునేదానివా అని వసంత అడిగింది. మూసుకోలేదమ్మా. విన్నాను. అక్క గొంతు ఎక్కడ పైకి వెళుతుందో, ఎక్కడ వంపు తిరుగుతుందో ఇప్పటికిప్పుడు కూనిరాగం తీసి చూపించగలను. మాటలే లేవు. తన చేతిలో వైరు ఉన్నప్పుడు నాకు తీరిక. నిలువు వైర్లు సర్దుకునేదాన్ని, కిటికీలోంచి సందులో నీళ్ళలో పోయే బళ్ళని చూసేదాన్ని, తర్వాత నా చరణమేమిటో తలుచుకునేదాన్ని. ఆవిడ ఆపిందని తెలిస్తే చాలు, నేను ఎత్తుకునేదాన్ని. జవాబు వింటే ప్రశ్న తెలిసిపోతుంది గదా అనవచ్చు. అర్థం తెలుస్తుంది. కళ్ళెందుకు ఎర్రబడ్డాయని అడుగుతుంది, చీరకొంగెందుకు తడిసిందని అడుగుతుంది. కాని మాటలు అవి కావు. అంత తిన్నగా అడగదు అక్క. చుట్టు తిప్పి, ముద్దు చేసి, పువ్వులతోటీ పిట్టలతోటీ కలిపి అడుగుతుంది. ఆ మాటలేమిటో, ఏ అక్షరంతో మొదలో, నాకు తెలియదు.

వెతకలేదా అంటే వెతికాను. పెద్దమ్మ కూతురు కాంతమ్మ చిత్తూరులో ఉంది. ఫోను చేశాను. ఆమె ఆ ఇంటి పెద్దకూతురే. "ఆ పాటా? మా అమ్మ నేర్పిస్తాననింది సరోజా, నాకే తీరిక లేకపాయె. కాలేజీ, పరీక్షలు. ఇప్పుడు అడుగుతా ఉండావు, ఎవర్ని తెచ్చేది?" అని ఆవిడే ఏడ్చింది. నేనే ఓదార్చాను. వసంత కూతురు నివేద కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది, తెలుగు అర్థమవుతుంది గాని జవాబు అరవంలోనే చెబుతుంది. "నెట్ల ఎల్లామే ఇరుక్కు పాట్టి, ఇరుంగ" అని, నెట్‌లో అన్నీ ఉంటాయని ధైర్యం చెప్పి ఫోను పట్టుకుని కూచుంది. నా చరణాలు పలికించుకుని వెతికింది. ఏవేవో వచ్చాయి, చెల్లెళ్ళ పాటలు, అత్తింటి పాటలు, సినిమా పాటలు. మాది లేదు. ఎలా ఉంటుంది? మా ఇద్దరి నోళ్ళలో తప్ప అది ఇంకెక్కడా లేదు. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి, మొదటిసారి నావైపు భయంగా చూసింది. లోకంలో వెతికితే దొరకనిది కూడా ఉంటుందని దానికి ఆరోజే తెలిసిందనుకుంటాను.

నీకు మీ అమ్మ ఎందుకు నేర్పలేదని వసంతని అడిగారు మా అబ్బాయిలు. వసంత ఒక్కతే కూతురు. ఒక్క కూతురున్న ఇంట్లో అడిగేదెవరు, చెప్పేదెవరు? నాకు ఇద్దరూ మగపిల్లలు. నేనూ అక్కా ఉన్నాం గదా, ఏటా కొలువులో బొమ్మల ముందు కూచుని పాడుతున్నాం గదా అనుకున్నాం. బుట్టలు అల్లడం ఎప్పుడో మానేశాం, చేతులు ఊరికే ఉంచుకుని పాడేవాళ్ళం. ఇప్పుడు మా ఇంట్లో ఎన్ని గదులో! గదికో టీవీ, మనిషికో ఫోను, చెవుల్లో పెట్టుకునే గుండీలు. లోకంలోని పాటలన్నీ ఇంట్లోకి వచ్చిపడుతున్నాయి. వానరోజున కూడా ఒక చాప మీదికి నలుగురు చేరరు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్నవి కొన్ని పుస్తకాలు, ఒక రేడియో, ఒకే ఒక సొంత పాట. ఏదీ తక్కువైనట్టు అనిపించలేదు. అప్పుడే బాగుందని నేను అనను. వాన వస్తే ఆ ఇల్లు కారేది, నాన్నకి ఉబ్బసం, అమ్మ చేతులు ఎప్పుడూ నీళ్ళలో నాని ఉండేవి. కాని ఎవరి నోరు మూగబోయినా పక్కవాళ్ళు అందుకునేందుకు ఏదో ఒకటి ఇంట్లో ఉండేదనుకునేదాన్ని. అదీ లేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఉన్నదాంతోనే ప్రయత్నించమంది ఆ థెరపీ అమ్మాయి. సరేనని రోజూ రైలెక్కి అంబత్తూరు పోయేదాన్ని. అక్కని కిటికీ దగ్గర కుర్చీలో కూచోబెట్టి, ఎదురుగా కూచుని, ఆవిడ పాడవలసినంత సేపు కూనిరాగం తీసి, ఆ తర్వాత నా జవాబు పాడేదాన్ని. నిదురలేమి గాదె అక్క. మళ్ళీ కూనిరాగం. తడి గాదె ఓ యక్క. ఎంత హాస్యంగా ఉంటుందో ఊహించుకోండి, అడగని వాళ్ళకి జవాబులు చెప్పే ముసలమ్మ. వీధిలో పోయేవాళ్ళు కిటికీలోంచి చూసి పోయేవాళ్ళు. అక్క నా మొహం చూస్తూ వినేది. ఒక్కోసారి ఎడమచేతి వేళ్ళు ముడి వేస్తున్నట్టు కదిలేవి. నోరు కదిలేది కాదు. తన చరణం ఎవరైనా మొదటి మాట అందిస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఆ మొదటి మాటే నా దగ్గర లేదు. తిరుగు రైల్లో ఎవరూ చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని.

నిన్న మధ్యాహ్నం నాకు విసుగు పుట్టింది. గొంతు కూడా బొంగురుపోయింది. ఇక నావల్ల కాదని చేతులెత్తేసి, పాట ఆపేసి, వసంత కలిపిన పెరుగన్నం స్పూనుతో అక్కకి పెడుతున్నాను. రెండు ముద్దలు తింది. మూడోది వద్దన్నట్టు మొహం తిప్పుకుంది. గిన్నె కింద పెట్టి, తుండుగుడ్డతో మూతి తుడిచాను. అప్పుడు పాడింది.

"ఏడ్చినది నే గాదె, ఏటి నీళ్ళ సవ్వడే."

గొంతు సన్నగా, వణుకుతూ ఉంది. మాట మాత్రం ఒక్కటీ నలగలేదు. గ్లాసుని గ్లాసనలేని మనిషి, కన్నకూతురి పేరు పలకలేని మనిషి, చరణమంతా పొల్లుపోకుండా పాడింది. వంటింట్లో ఏదో కింద పడింది. వసంత పరుగెత్తుకొచ్చింది. "అమ్మా! చిన్నమ్మా, అమ్మ పాడతా ఉండాది! నివీ, ఇంగ వా, పాట్టి పాడుదు!" అని ఇల్లంతా ఒకటి చేసి, నేలమీద కూలబడి అక్క పాదాలు పట్టుకుంది. నేను తుండుగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అక్క పాడింది తన చరణం కాదు, నాది.

అప్పుడు అంతా తెలిసింది నాకు. చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు మరిచిపోయేదాన్నో! ముడి వేస్తూ వేస్తూ బయటికి చూసి, నా చరణం వదిలేసేదాన్ని. అమ్మకి వినపడకుండా అక్క పెదవులతో మొదటి మాట అందించేది. అందించాలంటే తనకి వచ్చి ఉండాలి గదా. ఎవరి వంతు వాళ్ళదేనన్న ఇంట్లో అమ్మకీ పెద్దమ్మకీ తెలియకుండా నా వంతు కూడా నేర్చుకుని పెట్టుకుంది, నేను ఎక్కడ తప్పుతానోనని. అక్క ఎప్పుడూ తప్పలేదు. ఆవిడ మాట నేను అందించవలసిన అవసరం నాకు ఏనాడూ రాలేదు.

"తడి గాదె ఓ యక్క, తామరాకు నీడలే" అని ఇంకొకటి పాడింది అక్క, నన్ను అక్కా అని పిలుస్తూ. పాడి ఆగింది. ఆ పాటలో జవాబు అయ్యాక ప్రశ్న రావాలి. నా మొహంలోకి చూసింది. వసంత నా చీర పట్టుకుని గుంజింది. "అడుగు చిన్నమ్మా, తర్వాతది అడుగు! ఆపేస్తాది, ఏదో ఒకటి అడుగు!"

ఆ వరసలోనే నోటికొచ్చింది పాడాను. "ఎందుకమ్మ ఓ చెల్లి, ఇంత చిక్కిపోయినావు?" అని. అక్క శ్రద్ధగా విన్నది. చివరిదాకా విని, కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను ఇంకొకటి కట్టి పాడాను. దానికీ తల ఊపింది. కోపం లేదు ఆ మొహంలో. గుర్తు తెచ్చుకో, నేను ఉంటాను అన్నట్టు ఉంది. ఎడమచెయ్యి చాపి నా గడ్డం పట్టుకుంది. నివేద ఫోను నావైపు పట్టుకుని నిలబడింది. అక్క నా పెదవుల వంకే చూస్తూ, అడుగుతానని ఎదురుచూస్తూ కూచుంది.